ఖరీదైన కెమెరాలో మావ మొహం

పలాసలో మా స్టూడియోకి వచ్చినవాళ్లు ఫొటో చేతికి తీసుకోగానే మూడింటిలో ఏదో ఒక మాట అనేవారు. "తెల్లగా వచ్చినాను" అంటే బాగుందని. "నల్లగా వచ్చినాను" అంటే బాగాలేదని. "ఇది నానేనా?" అంటే మళ్లీ తియ్యాలని. ఈ మూడు మాటలూ దాటి ఫొటో గురించి గంటల తరబడి మాట్లాడేవాణ్ణి ఆ రోజుల్లో నేనొక్కణ్ణే. అందుకే మా బావ నన్ను చూసి ముసిముసిగా నవ్వేవాడు.

స్టూడియో బావది, అంటే మా అక్క మొగుడిది. పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గ బజారులో ఒక మందుల షాపు మీద మేడ గది. మెట్లూ పూలకుండీలూ గీసిన నీలం పరదా, గోడ మేకుకు దారంతో కట్టిన దువ్వెన, పౌడరు డబ్బా, పాస్‌పోర్టు ఫొటోల కోసం ఒకే ఒక కోటు. పరీక్షలకు అప్లికేషన్ పెట్టేవాడికీ గల్ఫ్ వెళ్లేవాడికీ అదే కోటు. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు వచ్చి కూర్చుంటే చేతులు పమిట కింద దాచుకునేవారు. జీడిరసం అంటిన వేళ్లు ఎంత తోమినా నలుపు వదలవు. బావ వాళ్లనెప్పుడూ చేతులు ఒళ్లో పెట్టుకోమనేవాడు కాదు. మోచేతుల పైనుంచే ఫొటో వచ్చేలా ఒక అడుగు ముందుకు జరిగేవాడు, అంతే.

తొంభైల చివర్లో డిగ్రీ తప్పి ఊళ్లో ఖాళీగా తిరుగుతుంటే అక్క నన్ను పిలిపించి ఆ స్టూడియోలో పడేసింది. బావ దగ్గర అప్పటికి ఉన్నది ఒక్క ఫిల్మ్ కెమెరా. అంచుల్లో నలుపు రాలిపోయి లోపలి ఇత్తడి బయటపడింది. దానికి ఒకటే లెన్సు. మనిషి దగ్గరగా కనిపించాలంటే బావే దగ్గరికి నడిచేవాడు, పదిమంది పట్టాలంటే వెనక్కి నడిచేవాడు. "జూమంతా నా కాళ్లలోనే ఉందిరా" అనేవాడు. రోలుకు ముప్పై ఆరు ఫొటోలు. బావ జాగ్రత్తగా చుట్టి ముప్పై ఎనిమిది లాగేవాడు. రోల్సన్నీ రైల్లో విశాఖపట్నం ల్యాబ్‌కి వెళ్లి, నాలుగు రోజులకు కవర్లలో తిరిగొచ్చేవి. ఆ కవరు విప్పేటప్పుడు వచ్చే మందు వాసన, వేలిముద్ర పడకుండా అంచులు పట్టుకుని ఒక్కొక్క ఫొటో చూడడం, నాకిప్పటికీ అంత సంతోషం ఇంకెందులోనూ దొరకలేదు. తీసినది ఎలా వచ్చిందో తెలియని ఆ నాలుగు రోజుల్లో ప్రతి ఫొటో అద్భుతంగానే ఉండేది మరి.

మా స్టూడియోకి ఎక్కువ పేరు తెచ్చినవి పెళ్లి ఫొటోలు కావు, పటాలు. మా వైపు మనిషి పోతే దినం నాటికి గోడకు పటం ఉండాలి. పల్లెల్లో బతికుండగా ఒంటరిగా ఫొటో దిగినవాళ్లు తక్కువ. అందుకని ఎవరో ఒకరు ఏదో పెళ్లిలో తీసిన గ్రూపు ఫొటో పట్టుకుని వచ్చి, మూడో వరుసలో చివర నిలబడ్డ మొహం మీద వేలు పెట్టేవారు. "ఇదుగో, ఈయన్ని తియ్యండి బాబూ." గోరంత మొహం. దాన్నే పెద్దది చేసి, పక్కవాళ్ల భుజాలు చెరిపేసి, పటం కట్టేవాళ్లం. అందుకే గ్రూపు ఫొటో తీసేటప్పుడు బావ ప్రాణం తీసేవాడు. "ఆ ఎనకాల పెద్దాయన, కొంచెం పక్కకి రండి. ఒలమ్మా, నీ తల ఆవిడ మొహానికి అడ్డొత్తాంది." జనం విసుక్కునేవారు, వంటవాళ్లు పిలిచేవారు, పెళ్లికొడుకు చెమటలు కక్కేవాడు. బావ కదిలేవాడు కాదు. ఒకసారి నాతో అన్నాడు. "నువ్వు పెళ్లి తీత్తన్నావనుకుంటున్నావు. కాదు. ఇందులో ప్రతి మొహమూ ఎప్పుడో ఒకప్పుడు పటమే."

ఆ మాట నాకు అప్పుడు ముసలి మాటలా వినిపించింది.

కొన్నేళ్లకు డిజిటల్ వచ్చింది. నేను ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని కెమెరాల గురించి చదివి చదివి, నిద్రలో కూడా మెగాపిక్సెళ్లు కలవరించే స్థితికి వచ్చాక, అక్క పోరు పెట్టగా పెట్టగా బావ ఒప్పుకున్నాడు. పెద్ద డిజిటల్ కెమెరా, దానికో మంచి లెన్సు విశాఖపట్నం వెళ్లి తెచ్చుకున్నాను. ఒళ్లో పెట్టుకుని రైల్లో పలాస దాకా కదలకుండా కూర్చున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. పలాస స్టేషన్లో దిగి ఇంటికి చేరేలోగా రిక్షావాణ్ణీ ఆవునీ అరటిపళ్ల బండినీ తీసేశాను. ఆ లెన్సు పూర్తిగా తెరిచి తీస్తే మనిషి మొహం మాత్రం చెక్కినట్టు వచ్చి, వెనకాల ఉన్నదంతా వెన్నలా కరిగిపోయేది. కాశీబుగ్గ బజారులోని బురదా వైర్లూ బోర్డులూ అన్నీ మాయం! సినిమాలా ఉందని అందరికీ చూపించాను.

"వెనకాలున్నోళ్లు ఏరి?" అన్నాడు బావ.

"అదే బావా గొప్ప. వాళ్లు అక్కర్లేదు కదా."

"ఎవులికి అక్కర్లేదు?" అన్నాడు.

మా ఇద్దరికీ పందెం పడింది. టెక్కలిలో టీచరు పని చేసే మా స్నేహితుడికి జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా ఒకటుండేది. దానితో ఒకటి, బావ ఫిల్మ్ కెమెరాతో ఒకటి, నా కొత్త కెమెరాతో ఒకటి, అక్కను అదే మేడ మీద, అదే ఎండలో, అదే కుర్చీలో కూర్చోబెట్టి తీశాం. మూడూ పోస్టుకార్డంత సైజులో ప్రింటు వేయించి వారం రోజులు కౌంటరు మీద పెట్టాం. వచ్చినవాళ్లందర్నీ ఏది బాగుందని అడిగాం. ఎక్కువమంది చిన్న కెమెరా ఫొటో మీద వేలు పెట్టారు. అందులో అక్క తెల్లగా ఉంది. అది ల్యాబులో మిషను దగ్గర కూర్చున్నవాడి పుణ్యం, కెమెరాది కాదు. ఒకావిడ మూడూ చాలాసేపు చూసి, "సీర బాగుందమ్మా, ఎక్కడ కొన్నావు?" అని అక్కనడిగింది. నా కెమెరాను ఎంచుకున్న ఒకే ఒక్క పెద్దాయన కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చానని వెళ్లేటప్పుడు చెప్పాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చిన్న సైజులో తేడా ఎలా తెలుస్తుంది, గోడంత పెద్దది చేస్తే అప్పుడు తెలుస్తుంది అని వాదించాను. అది అబద్ధం కాదు, నిజమే. ఆ నిజం రుజువు చేసే అవకాశం కోసం కాచుకుని కూర్చున్నాను.

ఆ అవకాశం అత్త రూపంలో వచ్చింది. అత్త అంటే చుట్టరికం కాదు. పూండి దాటి లోపలికి వెళ్తే కొబ్బరితోటల మధ్య ఒక ఊళ్లో వాళ్ల ఇల్లు. వాళ్ల కొబ్బరికాయలు మా వీధికి వచ్చేవి, ఆ పరిచయంతో ఆయన్ని మావ అనీ ఆవిణ్ణి అత్త అనీ పిలిచేవాళ్లం. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే మేడ మెట్లెక్కి వచ్చి, నీళ్లు తాగి, పమిటతో మొహం తుడుచుకుని, బావ వైపు తిరిగి చెప్పింది.

"పిల్ల పెళ్లి కుదిరింది బాబూ. ఫొటోలు మీరే తియ్యాల. కానీ నాకు పెళ్లి ఫొటోలు ముక్యం కాదు. మీ మావది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, మొహం బాగా కంటికి ఆనేటట్టు కావాల."

మా ఉద్దానంలో ఆ కిడ్నీ జబ్బు సంగతి ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. మావ అప్పటికే వారానికి రెండుసార్లు పూండిలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లి రక్తం శుభ్రం చేయించుకుని వస్తున్నాడు. ఆయనకు యాభై కూడా లేవు. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. రేషన్ కార్డులో ఉన్నది నల్లటి మచ్చ. స్టూడియోకి రమ్మంటే కస్సుమన్నాడట. ఆయన అన్నదమ్ములిద్దరు అదే జబ్బుతో పోయారు. ఇద్దరూ పోయే ముందు ఫొటో దిగారు. అందుకని ఫొటో మాటెత్తితేనే ఆయన లేచి తోటలోకి వెళ్లిపోతాడు.

"ఆయనకి తెలీకుండా తియ్యండి బాబూ. పెళ్లిలో అయితే తెలీదు గదా. మనిషి ఎల్లిపోనాక ఆ పిల్లకి వాళ్ల నాన్న మొహం కూడా నేకపోతే నానేటి సెప్పుకోవాల?"

బావ తలూపాడు. నేను మాత్రం నా కెమెరా తీసి అత్త చేతిలో పెట్టినంత పని చేశాను. "ఎంత దూరం నుంచైనా తీస్తాను అత్తా. ఆయనకి తెలియనే తెలియదు. గోడంత పటం చేసినా వెంట్రుక వెంట్రుకా కనిపిస్తుంది" అన్నాను. బావ నా వైపు ఒక చూపు చూశాడు.

పెళ్లి ముహూర్తం పొద్దున్నే. వాళ్ల వాకిట్లోనే కొబ్బరాకుల పందిరి వేశారు. పందిరి కింద చీకటి, ఆకుల సందుల్లోంచి అక్కడక్కడ ఎండ చుక్కలు. ఫ్లాష్ వేస్తే మావకు తెలిసిపోతుంది. "లెన్సు అంత తెరిసి పెట్టకు. ఒక కన్ను వత్తే రెండో కన్ను పోద్ది" అని బావ చెవిలో చెప్పాడు. వినలేదు. నాకు ఆ కరిగిపోయే వెనకభాగం మీద మోజు, ఆ చీకట్లో ఫ్లాష్ లేకుండా తీయగలిగేది నేనొక్కణ్ణే అన్న గర్వం. బావ గ్రూపు ఫొటోలు తీస్తుంటే మావ ప్రతిసారీ జారుకునేవాడు. బావ కెమెరా ఎత్తేసరికి ఆయనకు సాంబారు సంగతి గుర్తొచ్చేది, లేకపోతే ఎవరో పిలిచినట్టు వినిపించేది. నేను మాత్రం పందిరి రాట వెనక నిలబడి ఆయన వెంటే ఉన్నాను.

పెళ్లికొడుకు కాళ్లు కడిగే సమయం వచ్చింది. పీటల మీద కూర్చున్న అల్లుడి పాదాలు మావ పళ్లెంలో పెట్టి పట్టుకున్నాడు. అత్త చెంబుతో నీళ్లు పోస్తోంది. మావ వేళ్లు తగలగానే అల్లుడికి చక్కిలిగింత పుట్టి కాలు లాగేసుకున్నాడు. మావ మళ్లీ పట్టుకున్నాడు, అతను మళ్లీ లాగేసుకున్నాడు. పురోహితుడు మంత్రం ఆపేసి నవ్వాడు. మావ తల పైకెత్తి నోరారా నవ్వాడు. నేను వరసపెట్టి నొక్కాను.

వెంటనే కెమెరా వెనక తెర మీద చూసుకున్నాను. మావ నవ్వు! అగ్గిపెట్టె సైజు తెర మీద పళ్లతో సహా మెరిసిపోతోంది. ఆగలేక, అక్షింతల సందట్లో అత్తను పక్కకు పిలిచి చూపించాను. ఆవిడ తడిచేతులు పమిటకు తుడుచుకుని కెమెరాను రెండు చేతులతో పట్టుకుంది.

"నవ్వుతన్నాడు" అంది. తర్వాత ఇంకోసారి అంది, "నవ్వుతన్నాడు." కళ్లు తుడుచుకుని, "పటానికి సరిపోద్దా అల్లుడూ?" అనడిగింది.

"మీ ఇంటి గోడ సరిపోదు అత్తా" అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు సిగ్గేస్తోంది.

మర్నాడు స్టూడియోలో ఆ ఫొటో కంప్యూటర్‌లో తెరిచి పెద్దది చేశాను. చెంబులోంచి పడుతున్న నీళ్లు గాలిలో ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. ఒక్కొక్క చుక్కా గాజుపూసలా, లోపల కొబ్బరాకు నీడతో సహా. చెంబు అంచు మీద పసుపు మరక కనిపిస్తోంది. దాని వెనక, మూరెడు దూరంలో, మావ మొహం ఉండాల్సిన చోట గోధుమరంగు మబ్బు. అందులో తెల్లటి గీత. అది నవ్వని నాకు తెలుసు కాబట్టి నవ్వు. మిగతావి తెరిచాను. అన్నిట్లోనూ అంతే. కెమెరా నీళ్లను పట్టుకుని వదల్లేదు. చిన్న తెర మీద అంతా బాగున్నట్టే కనిపించింది.

బావ నా వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"నీళ్లు బాగా వచ్చినాయి" అన్నాడు.

నేను ఆ ఫొటో మూసేయబోయాను.

"దినం నాడు సెంబుకి దండేత్తారేటి?"

లెన్సులో లోపమేమో, వెలుతురు చాలలేదేమో, అత్త చెయ్యి అడ్డొచ్చిందేమో అని ఏదేదో వాగాను. "ఆడలేక మద్దెల ఓడనకు" అని ఒక్క ముక్కలో నోరు మూయించాడు. నిజం చెప్పాలంటే బావ కూడా గెలవలేదు. విశాఖపట్నం నుంచి ఆయన రోల్సు వచ్చాక చూస్తే, గ్రూపు ఫొటోలో ప్రతి మొహమూ విడివిడిగా స్పష్టంగా ఉంది. మావది మాత్రం వీపు. భుజం మీద తువ్వాలుతో వంటల వైపు వెళ్లిపోతున్న వీపు. వీపు కూడా ఎంత స్పష్టంగా ఉందో! ఆ రెండు ఫొటోలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని మేమిద్దరం టీ తాగకుండా కూర్చున్నాం.

"ఎల్లి సెప్పు" అన్నాడు బావ చివరికి. "నువ్వే సూపించినావు, నువ్వే సెప్పాల."

స్కూటర్ మీద బయల్దేరాను. దారి పొడుగునా జీడితోటలు పూతమీదున్నాయి. ఆ వాసన నాకెంతో ఇష్టం, ఆ రోజు మాత్రం ఎక్కడా ఆగలేదు. అత్త ఒక్కతే దొరికితే చెప్పి పారిపోదామనుకున్నాను. వెళ్లేసరికి అరుగు మీద మావ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, లేవబోయి, మళ్లీ కూర్చుని, తోటలో పనిచేసే కుర్రాణ్ణి కేకేసి కొబ్బరిబొండం ఒకటి కొట్టించి ఇచ్చాడు.

"తాగు. నన్ను డాక్టర్లు తాగొద్దన్నారు. సొంత తోటలో కాయ, గుక్కెడు తాగడానికి నేదు" అని నవ్వాడు. నేను తాగుతుంటే నా మొహంలోకే చూస్తూ అడిగాడు. "ఏటల్లుడూ, రానేదా నా పటం?"

బొండం అరుగు మీద పెట్టేశాను.

"పందిరి రాట ఎనక నక్కి దొంగపిల్లిలాగ తిరిగితే నాకు తెలీదేటి? మీ అత్త ఆ కెమెరా అట్టుకుని ఏడిసింది. అది నాను సూడనేదా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీరంతా నా ఎనకాల మాటాడుకున్నారు గానీ, ఒక్కళ్లయినా నా దగ్గరకొచ్చి ఫొటో కావాలి మావా అని అడిగినారా?"

లోపలి నుంచి అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎప్పటి నుంచి వింటోందో. నేను తల దించుకుని, పెళ్లి ఫొటోల్లో మొహం చెడిపోయిందని, తప్పు నాదేనని ఇద్దరికీ కలిపి చెప్పేశాను. అత్త గడప మీద కూలబడిపోయింది.

 మావ ఎడమ చేతి మీద సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయిన నరాన్ని కుడిచేత్తో రాసుకున్నాడు.

"నాను ఒద్దన్నది ఒక్కణ్ణీ కుర్సీలో కూకోబెట్టి తియ్యడం. మా అన్నని అలగే తీసినారు, తమ్ముణ్ణి అలగే తీసినారు. బతికున్నోణ్ణి పట్టుకెళ్లి పటంలాగ కూకోబెడితే ఆడి మనసు ఎలాగుంటాదో మీకు తెలీదు" అన్నాడు. తర్వాత అత్త వైపు తల తిప్పాడు. "దీన్ని నా పక్కన కూకోబెట్టి తియ్యి. ఎంతసేపైనా కూకుంటాను. ఇద్దరున్న ఫొటోకి దండెయ్యనేరు గదా!"

"సాల్లే, నీ మాటలూ నువ్వూను" అని అత్త తిట్టింది. తిడుతూ ఏడ్చింది. వాళ్ల పెళ్లికి ఫొటోలు లేవట. ఇరవై అయిదేళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి ఒక్క ఫొటోలో లేరు.

ఆ ఆదివారం బావా నేనూ ఇద్దరం వెళ్లాం. "మా పెళ్లికి ఒక్క ఫొటోవోడూ నేడు, ఇప్పుడు ఇద్దరా?" అని మావ మురిసిపోయాడు. అరుగు మీద బెంచీ వేసి ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాం. అత్త భుజం మావ చేతి మీదికి కొంచెం వచ్చింది. బావ ఊపిరి బిగబట్టి ఒక్కటి తీశాడు. నేను ఈసారి లెన్సు కంత బాగా చిన్నది చేసి, కెమెరా స్టాండు మీద పెట్టి, మావ కళ్ల మీద ఫోకస్ పెట్టి, తప్పు దిద్దుకోవాలన్న భయంతో ఆరు తీశాను. టెక్కలిలో కొత్తగా పెట్టిన డిజిటల్ ల్యాబులో మంచిది ఒకటి, బావ నెగటివ్ నుంచి ఒకటి, రెండూ ఒకే పెద్ద సైజులో ప్రింటు వేయించి తెచ్చాం.

ఇక్కడ దాచకుండా చెప్పాలి. అంత జరిగాక కూడా నాకు గెలవాలనే ఉంది. ఈ సైజులో తేడా కళ్లకు కట్టినట్టుంది మరి. నా ఫొటోలో మావ తువ్వాలు నేత పోగులు లెక్కపెట్టొచ్చు, అత్త బొట్టు అంచు కొంచెం చెదిరిన సంగతి తెలుస్తుంది, మావ కళ్ల కింద వాపూ చేతి మీద ఉబ్బిన నరమూ ఉన్నవి ఉన్నట్టు ఉన్నాయి. బావ ఫొటోలో రంగులు కొంచెం వెచ్చగా, వాపు కొంచెం తక్కువగా, అంతా కాస్త మెత్తగా ఉంది. రెండూ మావ చేతిలో పెట్టి ఏది బాగుందో చెప్పమన్నాను.

ఆయన వెలుతురులోకి పట్టి చూశాడు. "రెండూ మావేగదా" అన్నాడు.

"సరిగ్గా సూడు మావా" అన్నాడు బావ.

ఇంకాసేపు చూసి నాది తీశాడు.  "ఇందులో మీ అత్త నవ్వుతాంది" అన్నాడు.

నిజమే. అది నేను తీసిన ఆరింటిలో అయిదోది. నాలుగు అయిపోయాక, ఇంకెన్ని తీస్తావని అత్తకు నవ్వొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ వెనక కూర్చున్న బావ, "గెలిసినావురా" అన్నాడు. పూండి గేటు దగ్గర రైలు కోసం ఆగినప్పుడు ఇంకో మాట కలిపాడు. "నాకు రోలు తిప్పాలంటే భయం, నీకా భయం నేదు. నువ్వు ఆరు తీసినావు. గెలిసింది అదీ, నీ కెమెరా రేటు కాదు. ఆ జేబు కెమెరా కూడా ఆరు తీత్తాది." నేనేదో జవాబు చెప్పాను, రైలు చప్పుడులో అది నాకే వినిపించలేదు.

మావ ఆ మరుసటి ఏడాది వానాకాలంలో పోయాడు.

కూతురు ఫోన్ చేసింది. దినానికి పటం కావాలి, అమ్మ పక్కనున్న ఫొటోకి దండ వేయకూడదని పెద్దవాళ్లంటున్నారు, నాన్న ఒక్కడినే ఉంచండి అంది. అది మా స్టూడియోలో రోజూ చేసే పనే. కంప్యూటర్ ముందు ఒక పూటంతా కూర్చున్నాను. అత్త భుజం మావ చేతిని కప్పిన చోట చొక్కా లేదు, చెయ్యి లేదు. రెండో వైపు చొక్కా నుంచి పోగు పోగూ తెచ్చి అతికాను. మడతలు కలిపాను. బెంచీ చెక్క గీతలు కలిపాను. ఆ కెమెరా ఉన్నదున్నట్టు పట్టుకుంది కాబట్టే అంతా అతికింది. అయ్యాక చూస్తే అక్కడ ఎప్పుడూ ఎవరూ కూర్చోనట్టే ఉంది. బావ దగ్గరగా వచ్చి, కళ్లజోడు పైకి తోసుకుని, అంగుళం అంగుళం వెతికాడు.

"ఇది మాత్రం నా కెమెరాతో అయ్యేది కాదు" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

దినానికి ముందురోజు పటం కట్టించి తీసుకెళ్లాను. ఇంటి నిండా చుట్టాలు. కూతురు పటం అందుకుని నాన్న మొహం చూసి, గుండెకు ఆనించుకుని భోరుమంది. పెద్దవాళ్లు బాగా కుదిరిందన్నారు. లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చున్న అత్త దగ్గరికి దాన్ని తీసుకెళ్లి చూపించారు. ఆవిడ ముందు మావ మొహం తడిమింది. తర్వాత పక్కన ఖాళీగా ఉన్న బెంచీ మీద చెయ్యి పెట్టింది. అద్దం మీద అటూ ఇటూ రాసి చూసింది. తలెత్తి నన్ను వెతికింది.

"నానింకా బతికే ఉన్నాను గదల్లుడూ" అంది. "నన్నెందుకు తీసీసినావు?"

 ఒక పెద్దావిడ, బతికున్నవాళ్ల మీద దండ పడితే మంచిది కాదమ్మా అని నచ్చజెప్పబోయింది. "ఆయన నన్ను అడిగి మరీ పక్కన కూకోబెట్టుకున్నాడు" అని అత్త మొహం గోడ వైపు తిప్పేసుకుంది. నేను ఆ పటం తీసుకుని టెక్కలి వెళ్లి, ల్యాబు వాళ్లను బతిమాలి, ఉన్న ఫొటోను ఉన్నట్టుగా వేయించి, ఫ్రేము మార్పించి, దినం వేళకు తిరిగి వచ్చాను. నా అతుకుల పనితనం ఎక్కడ పోయిందని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత చాలాసార్లు ఆ ఇంటికి వెళ్లాను. పటంలో ఇద్దరూ ఉన్నారు. దండ మావ వైపు మాత్రమే పడేలా ఫ్రేము పైన ఒక మూలకు మేకు కొట్టించింది అత్త. ఉప్పుగాలి వేసినప్పుడల్లా దండ జారి ఆవిడ మీదికి కూడా వస్తుంది. ఒకసారి నేనక్కడ ఉండగానే జారింది. అత్త పని ఆపి లేచి, పీట ఎక్కి, దాన్ని మళ్లీ మావ వైపు లాగి సర్దింది.

"ఉండవయ్యా, ఏటా తొందర" అంది ఆయనతో.